కాంప్లెక్స్ ఎనాలిసిస్ ఎలా చదవాలి: ఎమ్మెస్సీ మొదటి ఏడాది వాళ్ళకి

ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో చేరినవాళ్ళకి రియల్ ఎనాలిసిస్ అంటే భయం, ఆల్జీబ్రా అంటే అనుమానం. కాంప్లెక్స్ ఎనాలిసిస్ అంటే మాత్రం కాస్త ధీమా ఉంటుంది. "రెసిడ్యూలు వచ్చేస్తే పేపర్ గట్టెక్కినట్టే" అని సీనియర్లు చెబుతుంటారు. సెమిస్టర్ పరీక్ష వరకు ఆ మాట చాలావరకు నిజమే. తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌కో గేట్‌కో కూర్చున్నప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. నెట్ పార్ట్ సీలో ఒకటికి మించి సరైన ఆప్షన్లు ఉండొచ్చు, అన్నిటినీ సరిగ్గా పట్టుకుంటేనే మార్కులు. అక్కడ ఇంటిగ్రల్ విలువ ఎంత అని అడగడం తక్కువ. ఇలాంటి ఎనలిటిక్ ఫంక్షన్ అసలు ఉంటుందా, ఉంటే ఎన్ని ఉంటాయి అని అడుగుతారు. ఫార్ములాలతో నెట్టుకొచ్చినవాళ్ళు ఇక్కడ ఆగిపోతారు.

అందుకే ఈ పేపర్‌ని ఏ వరసలో, ఎక్కడ ఎంతసేపు ఆగి చదవాలో చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. ఈ సబ్జెక్ట్ మొత్తం ఒక్క ఇంటిగ్రల్ మీద నిలబడి ఉంది: సున్నా చుట్టూ ఒక వృత్తం మీద 1/జెడ్‌ని ఇంటిగ్రేట్ చేస్తే 2పైఐ వస్తుంది. (ఇక్కడ పై అంటే 3.14 పై, ఐ అంటే మైనస్ వన్ వర్గమూలం.) దీన్ని నడిమధ్యలో పెట్టుకుని చదివితే సిద్ధాంతాలన్నీ ఒకదానికొకటి చుట్టాలని కనబడతాయి. లేకపోతే అవి ఇరవై వేర్వేరు ఫార్ములాలుగానే మిగిలిపోతాయి.

సెమిస్టర్ మొదలయ్యేలోపు

మీరు చదివిన ఇంటర్ సెకండియర్ 2ఏ పుస్తకం బయటికి తీయండి. సంకీర్ణ సంఖ్యలు, డిమూవర్ సిద్ధాంతం, ఈ రెండు చాప్టర్లు చాలు. అప్పట్లో ఎంసెట్ కోసం షార్ట్‌కట్లతో చదివి ఉంటారు. ఇప్పుడు గ్రాఫ్ పేపర్ పక్కన పెట్టుకుని చదవండి. 0, 1, 1+ఐ, ఐ శీర్షాలుగా ఒక చతురస్రం గీయండి. ప్రతి శీర్షాన్నీ 1+ఐతో గుణించండి. 0, 1+ఐ, 2ఐ, −1+ఐ వస్తాయి. వాటిని కలిపి చూడండి. చతురస్రం 45 డిగ్రీలు తిరిగింది, భుజం √2 రెట్లు పెరిగింది, ఆకారం మాత్రం చెడలేదు. కాంప్లెక్స్ సంఖ్యతో గుణించడమంటే తిప్పడం, సాగదీయడం. ఈ ఒక్క ముక్క చేతికి అలవాటైతే తర్వాత వచ్చే కోషీ-రీమాన్ సమీకరణాల్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఇంకొకటి త్రిభుజ అసమానత. దాని మామూలు రూపం అందరికీ వచ్చు, తిరగేసిన రూపం దగ్గర తడబడతారు: |ఏ+బి| విలువ |ఏ| − |బి| కంటే తక్కువ కాదు. ఉదాహరణకి |జెడ్| = ఆర్ అనే పెద్ద వృత్తం మీద |జెడ్² + 1| కనీసం ఆర్² − 1 ఉంటుంది. రెసిడ్యూ లెక్కల్లో "ఈ ఆర్క్ మీద ఇంటిగ్రల్ సున్నాకి పోతుంది" అని రాసే ప్రతిచోటా దీనితోనే పని. అది రాకపోతే ఆ లైను గాల్లో రాసినట్టే ఉంటుంది, పేపర్ దిద్దేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

రియల్ ఎనాలిసిస్ నుంచి యూనిఫాం కన్వర్జెన్స్, పార్షియల్ డెరివేటివ్‌లు, లైన్ ఇంటిగ్రల్ ఒకసారి తిరగేయండి. మెజర్ థియరీ ఇక్కడ అక్కర్లేదు, దాని గురించి టెన్షన్ వద్దు.

డెరివేటివ్ దగ్గర తొందరపడకండి

(ఎఫ్(జెడ్ + హెచ్) − ఎఫ్(జెడ్))/హెచ్ అనే నిష్పత్తికి, హెచ్ సున్నాకి పోతుండగా వచ్చే లిమిట్. ఈ నిర్వచనం చూడగానే డిగ్రీలో చదివినదే కదా అనిపిస్తుంది. రాతలో తేడా లేదు, లిమిట్ తీసుకోవడంలో ఉంది. రియల్ లైన్ మీద హెచ్ అనేది సున్నాని రెండు వైపుల నుంచే చేరుతుంది. ప్లేన్ మీద ఏ దిక్కు నుంచైనా చేరొచ్చు, మెలికలు తిరుగుతూ కూడా రావొచ్చు. అన్ని దారుల్లోనూ ఒకే జవాబు రావాలి. ఇది చాలా గట్టి షరతు. తర్వాత వచ్చే ఆశ్చర్యాలన్నీ దీని నుంచే పుడతాయి.

మొదట జెడ్ కాంజుగేట్ తీసుకోండి. హెచ్ రియల్‌గా సున్నాకి వస్తే నిష్పత్తి 1, ఇమాజినరీగా వస్తే −1. కాబట్టి దానికి ఎక్కడా డెరివేటివ్ లేదు. చూడ్డానికి అంత నున్నటి ఫంక్షన్ ఇక్కడ ఫెయిలయిపోతుంది. తర్వాత |జెడ్|² చూడండి. దానికి సున్నా దగ్గర మాత్రమే డెరివేటివ్ ఉంటుంది, కాబట్టి ఎక్కడా ఎనలిటిక్ కాదు. ఒక బిందువు దగ్గర డిఫరెన్షియబుల్ అవడం వేరు, అక్కడ ఎనలిటిక్ అవడం వేరు. ఎనలిటిక్ అవ్వాలంటే ఆ బిందువు చుట్టూ కొంత జాగాలో ప్రతిచోటా డెరివేటివ్ ఉండాలి. ఆప్షన్లలో ఈ రెంటినీ కలిపేసి ఇరికించడం ప్రశ్నలు తయారుచేసేవాళ్ళకి మహా ఇష్టం.

ఇక కోషీ-రీమాన్ సమీకరణాలు. ఫంక్షన్‌ని యు + ఐవి అని విడదీసి, యు, వి ల నాలుగు పార్షియల్ డెరివేటివ్‌లని రెండు వరసల మాత్రికగా రాయండి. సమీకరణాలు నిలిచాయంటే ఆ మాత్రిక మొదటి వరస ఏ, −బి; రెండో వరస బి, ఏ అన్న ఆకారంలో ఉన్నట్టు. అంటే ఏ + ఐబి అనే సంఖ్యతో గుణించడమే. ఎనలిటిక్ ఫంక్షన్ ఒక బిందువు దగ్గర, దూరం నుంచి కాకుండా బాగా దగ్గరకెళ్ళి చూస్తే, చతురస్రాన్ని తిప్పి సాగదీసే పనే చేస్తోందన్నమాట. మైనస్ గుర్తు ఏ సమీకరణంలో వస్తుందో మరిచిపోయేవాళ్ళు ఈ మాత్రికని ఒకసారి రాసుకుంటే చాలు.

సమీకరణాలు నిలిచినంత మాత్రాన డెరివేటివ్ ఉన్నట్టు కాదు. |ఎక్స్·వై| వర్గమూలాన్ని ఫంక్షన్‌గా తీసుకోండి. రెండు అక్షాల మీదా అది సున్నా కాబట్టి మూలబిందువు దగ్గర పార్షియల్స్ అన్నీ సున్నా, సమీకరణాలు నిలుస్తాయి. ఎక్స్ = వై అనే గీత మీద కుడివైపు నుంచి వస్తే నిష్పత్తి 1/(1+ఐ), సున్నా కాదు. పార్షియల్స్ కంటిన్యువస్‌గా ఉంటే ఈ ఇబ్బంది రాదు. ఈ ఉదాహరణని నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకోండి, ఆ పేజీతో తర్వాత చాలా పని ఉంది.

హార్మోనిక్ కాంజుగేట్ (యు ఇస్తే, యు + ఐవి ఎనలిటిక్ అయ్యేలా చేసే వి) కనుక్కోవడానికి మిల్న్-థామ్సన్ పద్ధతి క్లాసులో చెబుతారు. అది పని తొందరగా తెమలడానికి పనికొస్తుంది. ముందు రెండు మూడు లెక్కలు మామూలుగా ఇంటిగ్రేట్ చేసి చూసుకున్నాక వాడుకోండి.

ఒక్క ఇంటిగ్రల్, ఒక సాయంత్రం

ఇక్కడ పుస్తకం మూసేయండి. ఆర్ వ్యాసార్థంతో సున్నా చుట్టూ వృత్తం గీసి, జెడ్ పవర్ ఎన్‌ని దాని మీద మీరే ఇంటిగ్రేట్ చేయండి. జెడ్ బదులు ఆర్ ఇంటూ ఈ పవర్ ఐ తీటా (ఈ అంటే 2.718 ఈ), డీజెడ్ బదులు దాని డెరివేటివ్ ఇంటూ డీ తీటా పెట్టి, తీటా 0 నుంచి 2పై దాకా తీసుకోండి. ఎన్ ఏ పూర్ణసంఖ్య అయినా జవాబు సున్నా, ఒక్క −1 తప్ప. ఎన్ = −1 అయితే ఆర్ కొట్టుకుపోయి 2పైఐ మిగులుతుంది.

ఆర్ ఎందుకు కొట్టుకుపోయిందో ఆలోచించండి. వృత్తం పెద్దదైనా చిన్నదైనా జవాబు మారలేదంటే ఆ ఇంటిగ్రల్‌కి దారి పొడవు పట్టలేదు, సున్నా చుట్టూ ఎన్నిసార్లు తిరిగామన్నదే పట్టింది. గుడి చుట్టూ ప్రదక్షిణల్లాగా: దగ్గరగా తిరిగినా, ప్రాకారం బయటి నుంచి తిరిగినా ప్రదక్షిణ ఒకటే. (గుడిలో కుడివైపుగా తిరుగుతాం, లెక్కల్లో ఎడమవైపు తిరిగితే ప్లస్. కాబట్టి మన ప్రదక్షిణ ఇక్కడ −1 కింద లెక్క.) పుస్తకంలో వైండింగ్ నంబర్ అని వచ్చేది ఈ లెక్కే.

ఇప్పుడు ఎన్ = −1 ఒక్కటే ఎందుకు తేడాగా ఉందో చూడండి. మిగతావాటికి యాంటీడెరివేటివ్ ఉంది. చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తే దాని విలువ కూడా మొదటికే వస్తుంది, తేడా సున్నా. 1/జెడ్‌కి యాంటీడెరివేటివ్ లాగరిథం కావాలి. కానీ ఒక చుట్టు తిరిగొచ్చేసరికి లాగ్ విలువ 2పైఐ పెరిగి ఉంటుంది. ఆ పెరిగిన మొత్తమే మన జవాబు.

ఒక తెల్ల కాగితం మీద ఈ ఇంటిగ్రల్‌ని మధ్యలో రాసి గోడకి అంటించండి. సెమిస్టర్ సాగుతున్నకొద్దీ దాని చుట్టూ ఒక్కో బాణం గీస్తూ వెళ్ళండి. కోషీ ఇంటిగ్రల్ ఫార్ములా: ఎఫ్(జెడ్)/(జెడ్ − ఏ)ని ఏ చుట్టూ చిన్న వృత్తం మీద ఇంటిగ్రేట్ చేస్తే, పైనున్న ఎఫ్ దాదాపు ఎఫ్(ఏ)తో సమానం, మిగిలింది మన ఇంటిగ్రలే. రెసిడ్యూ సిద్ధాంతం: రుణ ఘాతాలు కూడా ఉండే లారెంట్ సిరీస్‌లో పదం పదం ఇంటిగ్రేట్ చేస్తే అన్నీ సున్నా అయిపోయి ఒక్క పదమే బతుకుతుంది, −1 ఘాతం ఉన్న ఆ పదం గుణకమే రెసిడ్యూ. ఆర్గ్యుమెంట్ ప్రిన్సిపుల్: ఎం ఆర్డర్ జీరో దగ్గర ఎఫ్ ప్రైమ్/ఎఫ్ అనేది ఎం/(జెడ్ − ఏ)లా నడుచుకుంటుంది, కాబట్టి ఇంటిగ్రల్ జీరోలని లెక్కపెడుతుంది. లాగ్|జెడ్|కి మూలబిందువు తీసేసిన ప్లేన్ మొత్తం మీద హార్మోనిక్ కాంజుగేట్ ఎందుకు ఉండదన్న ప్రశ్నకీ జవాబు అదే కాగితంలో ఉంది.

లాగరిథం, బ్రాంచ్ కట్: దాటేయొద్దు

చాలామంది ఈ చాప్టర్‌ని వదిలేస్తారు. పరీక్షలో ఒక షార్ట్ ఆన్సర్ వస్తుందిలే అని వాళ్ళ లెక్క. నన్నడిగితే రెసిడ్యూ కంటే ముందు దీని మీదే ఎక్కువ సమయం పెట్టాలి.

ఆర్గ్యుమెంట్ అంటే పాజిటివ్ రియల్ అక్షంతో చేసే కోణం. ప్రిన్సిపల్ ఆర్గ్యుమెంట్‌ని −పై కంటే ఎక్కువ, పై కంటే మించకుండా తీసుకోవడం వాడుక. ఈ రూల్‌తో కొన్ని విలువలు చేతితో కట్టండి. లాగ్(ఐ) = ఐపై/2. దాంతో ఐ పవర్ ఐ కట్టండి: ఈ పవర్ మైనస్ పై/2, అంటే సుమారు 0.2079. రెండూ ఊహాసంఖ్యలు, జవాబు మాత్రం రియల్! ఇది ప్రిన్సిపల్ విలువ మాత్రమే, వేరే బ్రాంచిల్లో వేరే విలువలు వస్తాయి.

ఇప్పుడు గోతి ఎక్కడుందో చూడండి. −1+ఐ ఆర్గ్యుమెంట్ 3పై/4. దాన్ని దానితోనే గుణిస్తే −2ఐ. ఆర్గ్యుమెంట్లు కూడితే 3పై/2 రావాలి, కానీ −2ఐ ప్రిన్సిపల్ ఆర్గ్యుమెంట్ −పై/2. అంటే లాగ్ ఆఫ్ లబ్ధం, లాగ్‌ల మొత్తం అన్నిసార్లూ ఒకటి కావు, 2పైఐ తేడా పడొచ్చు. స్కూల్లో కళ్ళు మూసుకుని వాడిన సూత్రం ఇక్కడ చూసుకుని వాడాలి. 1 = √1 = √((−1)(−1)) = √−1·√−1 = −1 అని వాట్సాప్‌లో తిరిగే "రుజువు"లో తప్పు కూడా ఇదే.

అభ్యాసానికి ఒకటి: ప్రిన్సిపల్ లాగ్ వాడితే లాగ్(1 − జెడ్) ఎక్కడ ఎనలిటిక్ కాదు? 1 − జెడ్ సున్నాగానో రుణాత్మక రియల్‌గానో ఉండే చోట. అంటే రియల్ అక్షం మీద 1 నుంచి కుడివైపు మొత్తం, ఆ గీతే బ్రాంచ్ కట్. ఇలాంటివి నాలుగైదు మీరే తయారుచేసుకుని, కట్‌ని ఎర్ర పెన్నుతో గీయండి.

కోషీ సిద్ధాంతం ప్రూఫ్: ఎముకలు చాలు

రంధ్రాల్లేని డొమైన్‌లో ఎనలిటిక్ ఫంక్షన్‌ని ఏ క్లోజ్డ్ దారి మీద ఇంటిగ్రేట్ చేసినా సున్నా, ఇదే కోషీ సిద్ధాంతం. దాని ప్రూఫ్‌ని పేజీ పేజీగా బట్టీ కొడితే పరీక్ష రోజు మధ్యలో ఒక లైను మరిచిపోతారు, అక్కడితో మొత్తం ఆగిపోతుంది. బదులుగా దాని ఎముకల్ని మాత్రం గుర్తుపెట్టుకోండి. త్రిభుజం మీద రాసే ప్రూఫ్‌కి ఎముకలు ఇవి.

త్రిభుజాన్ని భుజాల మధ్యబిందువులు కలిపి నాలుగు చేయండి. నాలుగింటిలో ఒకదాని మీద ఇంటిగ్రల్ మొత్తంలో కనీసం నాలుగో వంతు ఉండి తీరాలి. దాన్నే ఎంచుకుని మళ్ళీ నాలుగు చేస్తూ పోతే త్రిభుజాలు ఒక బిందువు దగ్గరికి కుదించుకుపోతాయి. ఆ బిందువు దగ్గర డెరివేటివ్ ఉంది కాబట్టి ఫంక్షన్‌ని ఒక స్థిరసంఖ్య, ఒక లీనియర్ పదం, ఒక చిన్న తప్పు అని మూడు ముక్కలుగా రాయొచ్చు. మొదటి రెండింటికి యాంటీడెరివేటివ్ ఉంది, అవి సున్నా.

మిగిలింది తప్పు. దాన్ని అంచనా కట్టేటప్పుడు త్రిభుజం వ్యాసం ఒకసారి, చుట్టుకొలత ఒకసారి వస్తాయి. ప్రతి అడుగులో రెండూ సగమవుతాయి కాబట్టి వాటి లబ్ధం నాలుగో వంతు అవుతుంది. అటు ఇంటిగ్రల్ కూడా ప్రతి అడుగులో నాలుగో వంతు దాకా తగ్గొచ్చు. ఈ నాలుగు, ఆ నాలుగు కొట్టుకుపోయి ఎప్సిలాన్ ఒక్కటే మిగులుతుంది. అది ఎంత చిన్నదైనా కావొచ్చు, కాబట్టి ఇంటిగ్రల్ సున్నా. ఈ కొట్టివేత దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆనందించండి. ప్రూఫ్‌లో ప్రాణమంతా అక్కడే ఉంది.

గ్రీన్ సిద్ధాంతంతో మూడు లైన్లలో అయిపోతుందిగా, ఇంత కష్టమెందుకు అని అనిపించొచ్చు. ఆ దారిలో వెళ్ళాలంటే డెరివేటివ్ కంటిన్యువస్ అని ముందే ఒప్పుకోవాలి. 1825లో కోషీ రాసిన వ్యాసం నుంచి చాలాకాలం అలాగే నడిచింది. ఆ షరతు అక్కర్లేదని 1900లో గూర్సా చూపించాడు. అందుకే దీన్ని కోషీ-గూర్సా సిద్ధాంతం అంటారు. డెరివేటివ్ ఉంటే చాలు, మిగతావన్నీ అదే తెచ్చిపెడుతుంది. ఒక్కసారి డిఫరెన్షియబుల్ అయితే ఎన్నిసార్లైనా డిఫరెన్షియబుల్ అన్న మాటకి పునాది ఇక్కడ పడింది.

ఎముకలు రాసుకున్నాక పుస్తకం మూసి పూర్తి ప్రూఫ్ రాయండి. తర్వాత హాస్టల్లో రూమ్మేట్‌ని కూర్చోబెట్టి తెలుగులో చెప్పి చూడండి, వాడు ఫిజిక్స్ వాడైతే ఇంకా మంచిది. ఎక్కడ "అది అలా వస్తుంది అంతే" అని జారిపోతారో అక్కడ మీకు అర్థం కానట్టు.

ఒక షరతు తీసేసి చూడండి

నోట్‌బుక్ వెనక పేజీ అన్నాను కదా, దాని సంగతి ఇది. ప్రతి సిద్ధాంతం చదివాక ఒక్కో షరతు తీసేసి ఏం చెడుతుందో ఉదాహరణతో రాయాలి. నెట్ తరహా ప్రశ్నలకి ఇంతకంటే మంచి తయారీ నాకు తెలీదు.

లియూవిల్ సిద్ధాంతం: ప్లేన్ మొత్తం మీద ఎనలిటిక్, హద్దులో ఉంటే స్థిర ఫంక్షనే. సైన్ ఎక్స్ హద్దులో ఉంది కదా అంటారేమో. రియల్ అక్షం మీద ఉంది, ఇమాజినరీ అక్షం ఎక్కగానే అది ఐ ఇంటూ హైపర్బాలిక్ సైన్ అయిపోయి ఆకాశానికి పోతుంది. ఐడెంటిటీ సిద్ధాంతం: జీరోలు గుమిగూడే బిందువు డొమైన్ లోపల ఉండాలి. సైన్(1/జెడ్)కి 1/(ఎన్·పై) దగ్గరల్లా జీరోలున్నాయి, అవి సున్నా దగ్గర గుమిగూడతాయి. కానీ సున్నా డొమైన్‌లో లేదు, కాబట్టి ఫంక్షన్ సున్నా కానక్కర్లేదు. మాగ్జిమమ్ మాడ్యులస్ (లోపలి మాడ్యులస్ సరిహద్దు మీది గరిష్ఠాన్ని దాటదు): డొమైన్ హద్దులో ఉండాలి. ఈ పవర్ జెడ్‌ని కుడి సగం ప్లేన్ మీద చూడండి. సరిహద్దు మీద మాడ్యులస్ అంతటా 1, లోపల మాత్రం అంతూపొంతూ ఉండదు. కోషీ సిద్ధాంతంలో డొమైన్‌కి రంధ్రం ఉండకూడదన్న షరతు తీసేస్తే? గోడమీది కాగితం చూడండి.

ఈ పవర్ (−1/ఎక్స్²) కూడా ఈ పేజీలో ఉండాలి. రియల్ లైన్ మీద, సున్నా దగ్గర విలువ సున్నా అనుకుంటే, అక్కడ డెరివేటివ్‌లు అన్నీ సున్నా, అయినా ఫంక్షన్ సున్నా కాదు. టేలర్ సిరీస్ ఫంక్షన్‌ని తిరిగి ఇవ్వదు. ఇమాజినరీ అక్షం మీద సున్నా దగ్గరికి వస్తే అదే ఫంక్షన్ అనంతానికి పేలిపోతుంది. రియల్‌లో మర్యాదస్తుడిలా కనబడింది, అసలు రంగు ప్లేన్‌లో బయటపడింది.

లారెంట్ సిరీస్: ఏ రింగ్‌లో ఉన్నారు?

1/((జెడ్−1)(జెడ్−2))ని 1/(జెడ్−2) − 1/(జెడ్−1)గా విడగొట్టి, సున్నా కేంద్రంగా మూడు చోట్ల విస్తరించండి: |జెడ్| 1 కంటే తక్కువ, 1కీ 2కీ మధ్య, 2 కంటే ఎక్కువ. మూడు వేర్వేరు సిరీస్‌లు వస్తాయి. రింగ్ చెప్పకుండా "ఈ ఫంక్షన్ లారెంట్ సిరీస్" అనడం ఊరి పేరు లేని అడ్రస్ లాంటిదే.

మధ్య రింగ్‌లో 1/జెడ్ గుణకం −1 వస్తుంది. వెంటనే "సున్నా దగ్గర రెసిడ్యూ −1" అని రాసేస్తారు. సున్నా దగ్గర ఈ ఫంక్షన్ ఎనలిటిక్, అక్కడ రెసిడ్యూ సున్నా! ఆ −1 ఆ రింగ్‌లో తిరిగే వృత్తం లోపలున్న రెసిడ్యూల మొత్తం, అంటే జెడ్ = 1 దగ్గరిది. బయటి రింగ్‌లో గుణకం సున్నా, ఎందుకంటే 1 దగ్గరి −1, 2 దగ్గరి +1 కలిసి సున్నా. రెసిడ్యూ కావాలంటే ఆ సింగులారిటీకి (ఫంక్షన్ ఎనలిటిక్ కాకుండా పోయే చోటుకి) ఆనుకుని ఉన్న రింగ్‌లోనే చూడాలి.

1/(1+ఎక్స్²) టేలర్ సిరీస్ రియల్ లైన్ మీద ఏ అడ్డూ లేకపోయినా 1 దాటి ఎందుకు పోదో డిగ్రీలో ఎవరూ చెప్పి ఉండరు. ఐ, −ఐ దగ్గర పోల్స్ (ఫంక్షన్ అనంతానికి పోయే చోట్లు) ఉన్నాయి, సున్నా నుంచి వాటికి దూరం 1. కేంద్రాన్ని 1కి మారిస్తే వ్యాసార్థం √2. చాలాచోట్ల రేషియో టెస్ట్ అక్కర్లేకుండా స్కేలుతో కొలిచి చెప్పేయొచ్చు.

రెసిడ్యూ లెక్కలు: ముందు బొమ్మ, తర్వాత పెన్ను

ఈ వరస తప్పొద్దు: కాంటూర్ (ఇంటిగ్రేట్ చేసే దారి) గీయండి, పోల్స్ చుక్కలు పెట్టండి, లోపలున్నవాటి చుట్టూ గుండ్రంగా గీయండి, ఆర్క్ మీద అంచనా కట్టండి, ఆ తర్వాతే రెసిడ్యూ కట్టండి. మొదటి లెక్కగా 1/(1+ఎక్స్²)ని మైనస్ అనంతం నుంచి ప్లస్ అనంతం దాకా చేయండి. ఎగువ సగంలో ఐ ఒక్కటే, రెసిడ్యూ 1/(2ఐ), జవాబు పై. ఇది ఆర్క్‌టాన్‌తో మీకు ముందే తెలుసు, కొత్త పద్ధతిని పాత జవాబుతో సరిచూసుకున్నట్టవుతుంది.

తర్వాత లవంలో కాస్ ఎక్స్ పెట్టండి. జవాబు పై/ఈ. ఇక్కడ కాస్ జెడ్‌ని నేరుగా వాడకుండా ఈ పవర్ ఐజెడ్ ఎందుకు తీసుకుంటామో రాయగలగాలి. పై సగం ప్లేన్‌లో ఈ పవర్ ఐజెడ్ మాడ్యులస్ 1 దాటదు. కాస్ జెడ్‌లో ఈ పవర్ మైనస్ ఐజెడ్ కూడా కలిసి ఉంటుంది, అది పైకి వెళ్ళేకొద్దీ విపరీతంగా పెరిగి ఆర్క్ అంచనాని పాడుచేస్తుంది. సైన్ ఎక్స్/ఎక్స్ లెక్కలో పోల్ దారి మీదే ఉంటుంది. దాన్ని చిన్న అర్ధవృత్తంతో తప్పుకుంటాం, అప్పుడు వచ్చేది సగం చుట్టు, అంటే పైఐ. అలవాటు కొద్దీ 2పైఐ వేస్తే జవాబు రెట్టింపై కూర్చుంటుంది. సరైన జవాబు పై.

పోల్ ఆర్డర్‌ని హారం చూసి చెప్పకండి. సైన్ జెడ్/జెడ్² కి సున్నా దగ్గర సింపుల్ పోలే. (1 − కాస్ జెడ్)/జెడ్² కి అసలు పోల్ లేదు. లవాన్ని రెండు పదాల దాకా విస్తరించి చూస్తే అరనిమిషంలో తేలిపోతుంది. సింపుల్ పోల్ అయితే లవం విలువని హారం డెరివేటివ్‌తో భాగించడం అన్నిటికంటే తొందర దారి.

జవాబు వచ్చాక దాన్ని అనుమానించండి. 1/(2 + కాస్ తీటా)ని 0 నుంచి 2పై దాకా చేస్తే 2పై/√3, అంటే సుమారు 3.63. లోపలి ఫంక్షన్ 1/3కీ 1కీ మధ్య ఉంటుంది కాబట్టి జవాబు 2.09కీ 6.28కీ మధ్య ఉండాలి, ఉంది. రియల్ ఇంటిగ్రల్ జవాబులో ఐ మిగిలినా, పాజిటివ్ ఫంక్షన్‌కి మైనస్ వచ్చినా వెనక్కి వెళ్ళండి, చాలాసార్లు ఒక పోల్ మరిచిపోయి ఉంటారు.

రూషే సిద్ధాంతం ఇచ్చే లెక్కలు తేలిగ్గా మార్కులు తెచ్చిపెడతాయి. వృత్తం మీద ఒక పదం మిగతావాటి మొత్తం కంటే పెద్దదైతే, లోపల ఆ పదానికి ఎన్ని జీరోలుంటే మొత్తానికీ అన్నే అని అది చెబుతుంది. జెడ్⁵ + 3జెడ్ + 1 తీసుకోండి. |జెడ్| = 1 మీద 3జెడ్ మాడ్యులస్ 3, మిగతా రెండూ కలిసి 2 దాటవు. కాబట్టి లోపల ఒక్క మూలం. |జెడ్| = 2 మీద జెడ్⁵ మాడ్యులస్ 32, మిగతాది 7 దాటదు. కాబట్టి లోపల ఐదూ ఉన్నాయి. మధ్య రింగ్‌లో నాలుగు. ఏ వృత్తం మీద ఏ పదం పెద్దన్నో గుర్తించడమే ఇందులో పని.

మోబియస్ ట్రాన్స్‌ఫర్మేషన్లకి, అంటే (ఏజెడ్ + బి)/(సీజెడ్ + డి) ఆకారంలో ఉండేవాటికి, రెండు సాయంత్రాలు చాలు. మూడు బిందువులు ఎక్కడికి వెళ్తాయో తెలిస్తే మొత్తం తెలిసినట్టే. (జెడ్ − ఐ)/(జెడ్ + ఐ) పై సగం ప్లేన్‌ని యూనిట్ డిస్క్‌లోకి తీసుకెళ్తుందని రాసి చూసుకోండి: రియల్ అక్షం మీది ఏ బిందువైనా ఐకి, −ఐకి సమాన దూరంలో ఉంటుంది కాబట్టి అది వృత్తం మీదికి పోతుంది, ఐ మాత్రం సున్నాకి.

వారం ఎలా గడపాలి, పరీక్షకి ముందు ఏం చేయాలి

క్లాసు అయిన రోజే నోట్స్‌లోని నిర్వచనాల్ని చూడకుండా రాయండి, అంతకుమించి ఆ రోజు వద్దు. వారం మధ్యలో లెక్కలు, వారాంతంలో ఒక ప్రూఫ్, ఒక వెనక పేజీ ఉదాహరణ. క్లాసులో అర్థం కానిది ఉంటే ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే ఎన్‌పీటెల్‌లో ఈ సబ్జెక్ట్ మీద పూర్తి కోర్సులు ఉచితంగా ఉన్నాయి. వీడియో చూసేటప్పుడు చేతిలో పెన్ను లేకపోతే మాత్రం అది సినిమా చూసినట్టే. పుస్తకాలు రెండుకి మించి పెట్టుకోవద్దు: సిలబస్‌లో రాసింది ఒకటి, లెక్కలు ఎక్కువున్నది ఇంకొకటి.

సెమిస్టర్ పరీక్షకి మీ యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్ళవి తిరగేస్తే ఏ ప్రూఫ్‌లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో తెలుస్తుంది. వాటిని ఎముకల పద్ధతిలో సిద్ధం చేసుకోండి. ప్రూఫ్ మొదలుపెట్టే ముందు సిద్ధాంతం వాక్యాన్ని షరతులన్నిటితో రాయండి. డొమైన్ ఎలాంటిది, వక్రం క్లోజ్డేనా, ఎనలిటిక్ లోపలేనా లేక సరిహద్దు మీద కూడానా, ఇవన్నీ రావాలి. ఈ మాటలు లేకపోవడం వల్ల పోయే మార్కులు, లెక్క తప్పి పోయేవాటి కంటే ఎక్కువ.

నెట్, గేట్‌కైతే చివరి వారంలో కొత్త లెక్కలు ఆపేసి వెనక పేజీ చదవండి. ఆప్షన్ ఒకటి "అలాంటి ఎఫ్ ఉంది" అంటే, ముందు ఐడెంటిటీ సిద్ధాంతం, తర్వాత లియూవిల్, తర్వాత మాగ్జిమమ్ మాడ్యులస్, ఈ వరసలో దాన్ని పడగొట్టగలమేమో చూడండి. మూడింటికీ పడకపోతే జెడ్, జెడ్², ఈ పవర్ జెడ్, 1/జెడ్, ఏదో ఒక మోబియస్, వీటిల్లోంచి ఉదాహరణ దొరుకుతుందేమో వెతకండి. అప్పటికీ తేలకపోతే ఆ ప్రశ్న వదిలి తర్వాతి దానికి వెళ్ళండి, చివర్లో టైం మిగిలితే మళ్ళీ రావచ్చు.